మర్నాంగ్ పెంచడం ఎలా: విత్తనం నుంచి దుంప దాకా

“ఎండలు ముదిరేసరికి మొక్క మాయమైపోయింది. చచ్చిపోయినట్టేనా?” మర్నాంగ్ వేసుకున్నవాళ్లు అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. చావలేదు. నేల కింద దుంప నిద్రపోతోంది. అది చచ్చిందనుకుని కుండీ కుమ్మరించేసినా, బతికిద్దామని రోజూ నీళ్లు పోసినా, అప్పుడు నిజంగానే పోతుంది. పెరట్లో మర్నాంగ్ పోయిందంటే చాలాసార్లు కారణం ఈ రెండింటిలో ఒకటే. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి పనికీ ఎలా చేయాలో ఎంత వివరంగా ఉందో, ఎప్పుడు చేయాలో కూడా అంతే వివరంగా ఉంటుంది.

మర్నాంగ్‌ను యామ్ డైసీ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం మైక్రోసెరిస్ వాల్టెరి. ఆస్ట్రేలియా ఖండపు దక్షిణ భాగంలోని చల్లటి గడ్డిభూముల్లో, పలచటి అడవుల్లో తనంత తాను పెరిగే బహువార్షిక మొక్క. చామంతి కుటుంబంలోది. పసుపు పువ్వు, కింద తినదగిన దుంప. ఆగ్నేయ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు ఆదివాసీ జాతులకు ఇది తరతరాలుగా ముఖ్యమైన ఆహారం. మర్నాంగ్ అన్న పేరు కూడా వాళ్ల భాషలదే.

ఇక్కడి తేదీలు, కొలతలు విక్టోరియా రాజధాని మెల్‌బోర్న్, దాని చుట్టుపక్కల వాతావరణానికి సరిపోతాయి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన పడమటి శివార్లు టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు నేల అంతా అగ్నిపర్వతపు లావా మైదానం. ఒకప్పుడు మర్నాంగ్ విరివిగా పెరిగిన గడ్డిభూములవి. అంటే మీ పెరడు దాని సొంత ఊరే. కాకపోతే ఇళ్లు కట్టేటప్పుడు ఆ నేలను తవ్వి, తొక్కి, గట్టిపరిచారు. దాన్ని మళ్లీ గుల్ల చేయడమే మన పనిలో సగం.

1. ముందు క్యాలెండర్ సరిచూసుకోండి

ఇది చలికాలపు మొక్క. వానలు మొదలయ్యాక మొలిచి, చలిలో పెరిగి, వసంతంలో పూసి, ఎండాకాలం నేలలోకి వెళ్లిపోతుంది. మన రబీ శనగలాంటి నడక. అక్కడ రుతువులు తలకిందులు కాబట్టి పండుగలతో గుర్తుపెట్టుకుంటే తేలిక:

- ఉగాది ప్రాంతంలో (మార్చి చివర, ఏప్రిల్): విత్తనం వేయాలి. పాత దుంపలు కూడా ఈ రోజుల్లోనే మళ్లీ చిగురిస్తాయి.
- మే నుంచి ఆగస్టు: ఆకు పెరుగుతుంది, కొత్త దుంప కడుతుంది. నారు నాటేది ఈ కాలంలోనే.
- వినాయక చవితి దగ్గర: కాడలు లేచి మొగ్గలు వేలాడతాయి.
- దసరా, దీపావళి: పూత, ఆ వెంటనే విత్తనం.
- సంక్రాంతికి: నేలపైన ఏమీ కనిపించదు. దుంప నిద్రలో ఉంటుంది.

మార్చిలో విత్తడం కుదరకపోతే మే చివరిదాకా వేయొచ్చు, మొలక కాస్త ఆలస్యమవుతుంది. సెప్టెంబర్‌లో వేసినా మొలుస్తుంది. కానీ దుంప ఊరేలోపే ఎండలొచ్చేస్తాయి. చిన్న దుంపతో ఎండాకాలం గట్టెక్కడం కష్టం కాబట్టి మొదటిసారి పెంచేవాళ్లు శరదృతువులోనే (అక్కడ మార్చి నుంచి మే) మొదలుపెట్టండి.

2. చేతికొచ్చింది మర్నాంగేనా?

కేవలం పసుపు పువ్వు చూసి పొరబడితే ఏడాదంతా కలుపు మొక్కను సాకినట్టవుతుంది. డాండెలియన్, క్యాట్స్‌ఇయర్ అనే రెండు కలుపు మొక్కలకు అచ్చం ఇలాంటి పువ్వులే ఉంటాయి. విరిస్తే పాలు కారడం కూడా మూడింటికీ ఉమ్మడే. తేడా పువ్వులో వెతకొద్దు. మొగ్గలో, కాడలో, ఆకులో చూడండి.

మొగ్గ: మర్నాంగ్ మొగ్గ తల వంచుకుని ఉంటుంది. కాడ చివర గొడుగు పిడిలా వంపు తిరిగి, మొగ్గ నేలకేసి చూస్తుంది. విచ్చుకునే రోజుల్లో కాడ నిటారుగా లేస్తుంది. ఆ రెండు కలుపు మొక్కల మొగ్గలూ మొదటినుంచీ ఆకాశంకేసే ఉంటాయి. అన్నింటికన్నా నమ్మదగిన గుర్తు ఇదే.

కాడ: ఒక్కో కాడకు ఒకే పువ్వు, కాడ మీద కొమ్మలుండవు. క్యాట్స్‌ఇయర్ కాడ తీగలా గట్టిగా ఉండి, సాధారణంగా కొమ్మలేస్తుంది. డాండెలియన్ కాడ లోపల గొట్టంలా ఖాళీ.

ఆకు: సన్నగా, పొడుగ్గా, నున్నగా, మొదట్లోంచి పైకి లేచి ఉంటుంది. అంచున అక్కడక్కడా పంటి గాట్లు ఉండొచ్చు. క్యాట్స్‌ఇయర్ ఆకు గరుకు నూగుతో నేలకు అంటుకుని పరుచుకుంటుంది. డాండెలియన్ ఆకు గాట్లు రంపపు పళ్లలా వెనక్కి, మొదలువైపు తిరిగి ఉంటాయి.

నర్సరీ చీటీతో కూడా జాగ్రత్త. మర్నాంగ్‌కు చాలాకాలం మైక్రోసెరిస్ లాన్సియోలేటా అన్న పేరే వాడారు. 2016లో వృక్షశాస్త్రవేత్త నెవిల్ వాల్ష్ ఈ జాతులను విడదీసి, లావు దుంప ఊరేదానికి వాల్టెరి అన్న పేరు ఖాయం చేశారు. లాన్సియోలేటా ఇప్పుడు ఎత్తయిన చలికొండల మొక్క పేరు, దాని వేళ్లు కొమ్మలేస్తాయి. స్కాపిజెరా అనే మూడో జాతికి కూడా మర్నాంగ్‌లాంటి దుంప ఊరదు. పాత చీటీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి “దుంప ఊరేదేనా, వాల్టెరీయేనా” అని నోరు తెరిచి అడిగి కొనండి. స్థానిక జాతుల మొక్కలు పెంచే నర్సరీల్లో, మీ ప్రాంతపు విత్తనంతో పెంచిన నారు దొరికితే అదే తీసుకోండి.

అడవిలోంచో గడ్డిభూమిలోంచో తవ్వి తెచ్చుకోవద్దు. విక్టోరియాలో చామంతి (డైసీ) కుటుంబపు స్థానిక మొక్కలు 1988 నాటి వృక్ష, జంతు రక్షణ చట్టం కింద రక్షిత జాబితాలో ఉన్నాయి. ప్రభుత్వ భూమిలో అనుమతి లేకుండా మొక్క పీకినా, విత్తనం కోసినా నేరమే. చట్టం సంగతి అలా ఉంచినా, మిగిలిన కొద్దిపాటి గడ్డిభూముల్లో ఒక్కో మొక్కా లెక్కే. అక్కడినుంచి ఒక్కటి కూడా తేవద్దు.

3. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- విత్తనాలు: ఏడాదిలోపు కోసినవి. 30 మొక్కలు కావాలంటే 80 నుంచి 100 గింజలు.
- ట్యూబ్ కుండీలు: 50 మి.మీ. వెడల్పు, 120 మి.మీ. లోతు. పొట్టి నారు ట్రేలు వద్దు, వేరు అడుగు తాకి చుట్టుకుంటుంది.
- స్థానిక మొక్కల కోసం అమ్మే, ఫాస్ఫరస్ తక్కువున్న పాటింగ్ మిక్స్ (కుండీల్లో నింపే మట్టి మిశ్రమం).
- కడిగిన ముతక ఇసుక. సముద్రపు ఇసుక, ప్లాస్టరింగ్‌కు వాడే సన్న ఇసుక పనికిరావు.
- పైన పరచడానికి 3 నుంచి 5 మి.మీ. సన్న కంకర.
- శాశ్వత కుండీ లేదా తొట్టి, లోతు కనీసం 25 సెం.మీ. కూరగాయల దుకాణాల్లో బ్రోకలీ వచ్చే థర్మాకోల్ పెట్టె చక్కగా సరిపోతుంది. అడుగున వేలు దూరేంత బెజ్జాలు 8 పెట్టండి.
- నీటిజల్లు సీసా, పేరు చీటీలు, చెరగని పెన్సిల్.
- చేతి తొడుగులు, మాస్క్.

మాస్క్‌ను తేలిగ్గా తీసుకోకండి. ఆస్ట్రేలియాలో పాటింగ్ మిక్స్ సంచి మీద హెచ్చరిక ఊరికే అచ్చు వేయరు. ఆ మట్టి దుమ్ములో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. పీలిస్తే ప్రమాదకరమైన న్యుమోనియా రావచ్చు. సంచిని గాలి ఆడే చోట, ముఖానికి దూరంగా పెట్టి కోయండి. ముందు నీళ్లు చిలకరించి తడిపాకే మట్టి కలపండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

4. నేల సిద్ధం చేయడం

లావా మైదానపు బంకమట్టి మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. రెండూ బసాల్ట్ రాయి అరిగి పుట్టినవే. వానకు ఉబ్బి జిగురవుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఈ నేల మర్నాంగ్‌కు కొత్త కాదు, నీళ్లు నిలిచిపోవడమే దానికి గిట్టదు.

మొదట నీటి పరీక్ష. 30 సెం.మీ. లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకిపోయాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు నాలుగైదు గంటల్లో ఇంకితే నేలలోనే నాటొచ్చు. తెల్లారేదాకా నిలిచి ఉంటే ఆ చోట 25 నుంచి 30 సెం.మీ. ఎత్తు మడి కట్టాల్సిందే.

తర్వాత జిప్సం వేయాలా వద్దా అన్నది. బంకమట్టి అనగానే జిప్సం సంచులు తెచ్చి పోసేవాళ్లు చాలామంది. అది అన్ని బంకమట్టి నేలల మీదా పనిచేయదు. శనగ గింజంత ఎండిన మట్టిపెళ్లను గాజు గ్లాసులో వాననీటిలో మెల్లగా వదలండి. కలపకండి, కదపకండి. మర్నాడు చూస్తే పెళ్ల చుట్టూ నీళ్లు పాల తరకలా మసకబారితే ఆ మట్టిలో సోడియం ఎక్కువుందని అర్థం, జిప్సం పనిచేస్తుంది. చదరపు మీటరుకు 1 కిలో చల్లి పైపైన కలపండి. పెళ్ల విడిపోయినా నీళ్లు తేటగానే ఉంటే జిప్సం దండగ. ఆ డబ్బుతో ముతక ఇసుక, బాగా మాగిన కంపోస్టు కొనండి.

ఎత్తు మడికీ, పెట్టెలకూ మట్టి పాళ్లు:

- స్థానిక మొక్కల పాటింగ్ మిక్స్: 2 పాళ్లు
- కడిగిన ముతక ఇసుక: 1 పాలు
- బాగా మాగిన కంపోస్టు: పది పాళ్లలో ఒకటి మించకుండా

కోళ్ల ఎరువు, పచ్చి పేడ వద్దు. సారం ఎక్కువైతే ఆకు గుబురుగా పెరిగి మెత్తబడుతుంది, నత్తలకు విందవుతుంది, దుంప మాత్రం సన్నగానే ఉంటుంది.

దుంప తినాలనుకుంటే ఇంకో జాగ్రత్త. పాత ఇళ్ల గోడల పక్కన, పాత పెయింట్ రాలిన చోట మట్టిలో సీసం ఉండే అవకాశం ఉంది. అలాంటి చోట బయటినుంచి తెచ్చిన మట్టితో ఎత్తు మడిలోనే పెంచండి.

చోటు విషయానికొస్తే, రోజుకు కనీసం 5 గంటల ఎండ కావాలి. పొద్దుటి ఎండ పూర్తిగా తగిలి, ఎండాకాలపు మధ్యాహ్నం కాస్త నీడ పడే చోటు కుండీలకు మేలు.

5. విత్తడం

గింజను ఒకసారి వేళ్ల మధ్య పెట్టి చూడండి. ముదురు గోధుమరంగులో, గట్టిగా, వేలికి తగిలేలా ఉంటే లోపల పప్పున్నట్టు. పాలిపోయి, చదునుగా, నొక్కితే వంగేది తాలు. తాలు ఏరేశాక మిగిలినవే లెక్క. గింజ తలమీది వెంట్రుకల కుచ్చును తీయాల్సిన పనిలేదు.

1) తడిపిన మట్టిని (2 పాళ్లు మిక్స్, 1 పాలు ఇసుక) ట్యూబుల్లో అంచుకు 1 సెం.మీ. తక్కువగా నింపి, నేలకు రెండుసార్లు తట్టండి. వేలితో అదమకండి.

2) ఒక్కో ట్యూబులో 3 గింజలు. కుచ్చు పైకి, మొన కిందికి ఉండేలా గుచ్చితే మంచిది. పడుకోబెట్టినా మొలుస్తుంది.

3) పైన 2 నుంచి 3 మి.మీ. సన్న కంకరో ముతక ఇసుకో చల్లండి. అంతకు మించి కప్పితే మొలక పైకి రాలేదు.

4) నీళ్లు పైనుంచి పోయొద్దు. 2 సెం.మీ. నీళ్లున్న ట్రేలో 20 నిమిషాలు నిలబెట్టి, పైన తడి కనిపించగానే తీసి వార్చేయండి. పైనుంచి పోస్తే తేలికైన గింజలన్నీ ఒక మూలకు చేరతాయి.

5) పొద్దుటి ఎండ తగిలే చోట, నేలకు ఎత్తుగా బల్ల మీద పెట్టండి. బల్ల కాళ్లకు రాగి టేప్ చుడితే నత్తలు ఎక్కడం తగ్గుతుంది.

6) పైపొర ఎండనివ్వకండి. పగలు 15 నుంచి 20 డిగ్రీలుంటే రెండు మూడు వారాల్లో మొలుస్తాయి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మర్నాంగ్ మొలక మామూలు చామంతి మొలకలా గుండ్రటి రెండాకులతో రాదు. సన్నగా, పొడుగ్గా, అచ్చం గడ్డిపోచలా లేస్తుంది. గడ్డి మొలిచిందనుకుని పీకి పారేస్తారు, ఆ తర్వాత విత్తనం మొలవలేదని బాధపడతారు. విత్తాక ఆరు వారాలదాకా ట్యూబుల్లోంచి ఏదీ పీకొద్దు. అనుమానం ఉంటే ఆకు కొస గిల్లి చూడండి. తెల్లటి పాలు వస్తే అది గడ్డి కాదు.

6. పలచన చేయడం, నాటడం

మూడు నాలుగు ఆకులొచ్చాక ట్యూబుకు ఒక మొక్క ఉంచి, మిగతావి చిన్న కత్తెరతో మొదలుకంటా కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది. పారేయడానికి మనసొప్పకపోతే మట్టితో సహా స్పూనుతో ఎత్తి వేరే ట్యూబులో పెట్టొచ్చు. వేరు నిలువుగా దిగాలి, మడత పడితే దుంప అక్కడే వంకర తిరుగుతుంది.

విత్తిన 8 నుంచి 10 వారాలకు, ట్యూబ్ అడుగు బెజ్జంలో తెల్లటి వేరు కొస కనిపిస్తే నాటే సమయమైనట్టే. జూన్, జూలైలో వాన పడి నేల తడిగా ఉన్న రోజు చూసుకోండి.

- ముందురోజు ట్యూబులకు నీళ్లు పట్టించండి.
- మొక్కకూ మొక్కకూ 15 నుంచి 20 సెం.మీ. దూరం. థర్మాకోల్ పెట్టెలో 8 నుంచి 10 మొక్కలు పడతాయి.
- ట్యూబుకన్నా 5 సెం.మీ. లోతుగా, రెట్టింపు వెడల్పుగా గొయ్యి తీసి, అడుగున గుల్ల మట్టి వేయండి.
- ఆకులన్నీ కలిసే మొదలు నేల మట్టానికి సమంగా ఉండాలి. ఒక పిసరు పైకున్నా ఫరవాలేదు, మట్టిలోకి దిగితే కుళ్లుతుంది.
- మొదలు చుట్టూ సన్న కంకర 1 సెం.మీ. మందాన పరవండి. చెక్కముక్కల మల్చ్ మొదలును తాకనివ్వకండి.
- చుట్టూ గుండ్రంగా నీళ్లు పోయండి, మొదట్లో కాదు.

ఒకటి రెండు మొక్కలతో సరిపెట్టకండి. ఒంటరి మొక్కకు విత్తనం సరిగా పట్టదు. వేరే వేరే విత్తనాల నుంచి వచ్చిన మొక్కలు కనీసం పది, గుంపుగా, దగ్గర దగ్గరగా ఉంటే తేనెటీగలు ఒకదాన్నుంచి ఒకదానికి తిరిగి పుప్పొడి చేరవేస్తాయి. కూర వండేంత దుంపలు కావాలంటే 30 మొక్కలు వేయాలి. ఒక్కో దుంప చిటికెనవేలంత నుంచి బొటనవేలంత ఉంటుందంతే.

7. చలికాలపు ఆలనాపాలనా

పని తక్కువే. నాటిన మొదటి ఆరు వారాలు, వాన లేకపోతే వారానికి రెండుసార్లు నీళ్లు. తర్వాత నేలలోని మొక్కలకు చలికాలమంతా వానే చాలు. కుండీలకు వేలు రెండు కణుపులు దించి చూసి, పొడిగా తగిలితేనే పోయండి.

ఎరువు ఒక్కసారే. స్థానిక మొక్కల కోసం వచ్చే, మెల్లగా కరిగే గుళికలను సంచి మీద రాసిన మోతాదులో సగం, నాటిన నెలకు వేయండి.

నత్తల మీద మాత్రం కన్నేసి ఉంచాలి. లేత ఆకు వాటికి ప్రాణం. ఒక్క వాన రాత్రిలో ట్రే మొత్తం మొదళ్లకంటా తినేస్తాయి. చీకటిపడ్డాక టార్చి పట్టుకుని ఏరడం అన్నింటికన్నా మంచి మందు. గుళికలు వేయాల్సివస్తే ఇనుము ఆధారిత రకం ఎంచుకోండి. మిగతా రకాలు కుక్కలకూ పక్షులకూ ప్రమాదం. దుంప ఊరిన మొక్క ఆకులు పోగొట్టుకున్నా మళ్లీ చిగురిస్తుంది, నారు చిగురించదు.

కలుపు చేత్తోనే తీయండి. మర్నాంగ్ ఆకుల మధ్య గడ్డి అల్లుకుంటే మొదలు దగ్గర గాలి ఆడక కుళ్లు మొదలవుతుంది. కుందేళ్లు, దుంపలు పెకలించే కాకటూ చిలుకలు తిరిగే చోట మడి మీద తీగ వల పరచి అంచులు బిగించండి.

8. పూత, విత్తనం పట్టడం

పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజు అసలు విప్పకపోవచ్చు, రోగమేమో అనుకోకండి. పువ్వు వాడాక కొన్నాళ్లు మూసుకుని ఉంటుంది. ఆ తర్వాత ఒక ఎండ పొద్దున హఠాత్తుగా దూది బంతిలా విచ్చుకుంటుంది. గాలి వీస్తే మధ్యాహ్నానికి ఖాళీ కాడే మిగులుతుంది.

- అక్టోబర్ మధ్య నుంచి రోజూ పొద్దున పది గంటలకల్లా ఒకసారి చూడండి.
- రోజూ చూడలేకపోతే, పువ్వు వాడి మూసుకోగానే పలచటి ఆర్గాంజా సంచి తొడిగి మెత్తటి దారంతో కట్టండి.
- దూది బంతిని గుప్పిట్లో పట్టి మెల్లగా లాగండి. పండిన గింజ తేలిగ్గా ఊడుతుంది. ఊడనిదాన్ని ఇంకో రోజు ఆగి తీయండి.
- తాలు తీసేసి, నీడలో వారం ఆరబెట్టి, కాగితం కవరులో తేదీ రాసి పెట్టండి. కవరును మూత బిగువుగా ఉన్న డబ్బాలో వేసి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి.
- వచ్చే ఉగాదికే వాడేయండి. పాతబడేకొద్దీ మొలక శాతం పడిపోతుంది.

అన్ని కాడలూ కోసేయకుండా కొన్నింటిని వదిలేస్తే గుంపు తనంత తాను పరుచుకుంటుంది.

ఊరికి వెళ్లేటప్పుడు అమ్మానాన్నలకు నాలుగు గింజలు పట్టుకెళ్దామని అనిపించడం సహజం. దయచేసి ఆ పని చేయకండి. భారత్‌లోకి విత్తనం తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. సూట్‌కేసులో దాచి తెచ్చే విత్తనంతో తెగుళ్లూ కలుపూ వస్తాయి.

9. ఎండాకాలపు నిద్ర

నవంబర్ చివర నుంచి ఆకు చివర్లు పసుపుపచ్చబడతాయి. డిసెంబర్, జనవరిలో ఆకులు పూర్తిగా ఎండి పొడిబారతాయి. మొదటి పసుపు ఆకు కనిపించిన రోజు నుంచి నీళ్లు తగ్గించడం మొదలుపెట్టండి.

- ఎండిన ఆకులను లాగొద్దు, కత్తిరించండి. లాగితే దుంప తల ఊడొస్తుంది.
- ప్రతి మొక్క పక్కనా పొడవాటి చీటీ గుచ్చండి. ఖాళీగా కనిపించే మడిలో ఇంకేదో నాటడానికి గునపం దింపడం తరచూ జరిగే ప్రమాదం.
- నేలలోని దుంపలకు నీళ్లు అక్కర్లేదు.
- కుండీలను నీడకు మార్చి, మూడు నాలుగు వారాలకోసారి ఒక గ్లాసు నీళ్లు పోయండి. వేడి మట్టిలో తడి నిలిస్తే దుంప పది రోజుల్లో మెత్తబడిపోతుంది.
- థర్మాకోల్ పెట్టె వేడిని బాగా ఆపుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీలైతే గోనెపట్టా చుట్టండి.

మార్చి, ఏప్రిల్‌లో మొదటి మంచి వాన తర్వాత సన్నటి పచ్చపోచలు కనిపిస్తాయి. మే చివరికి కూడా రాకపోతే అప్పుడు వేలితో మట్టి కదిపి చూడండి, అంతకుముందు వద్దు.

10. ఏం తేడా వచ్చింది, ఎందుకు, ఏం చేయాలి

విత్తనం మొలవలేదు: పాత గింజలో, తాలు గింజలో, లోతుగా కప్పడమో కారణం. మరీ వేడిగా ఉన్నప్పుడు విత్తినా మొలవదు. పగటి వేడి 25 డిగ్రీల లోపుకు దిగాక మళ్లీ వేయండి.

మొలకలు మొదట్లో నల్లబడి పడిపోయాయి: నారుకుళ్లు. తడి ఎక్కువ, గాలి తక్కువ. పడిపోయినవాటిని మట్టితో సహా తీసేసి, ట్యూబుల మధ్య దూరం పెంచి, పైపొర కాస్త ఆరాకే నీళ్లు పట్టించండి.

ఆకులు గుబురు, దుంప సన్నం: ఎరువు ఎక్కువైంది, లేదా నీడ ఎక్కువైంది. ఎరువు ఆపి ఎండలోకి మార్చండి.

దుంప వంకర్లు తిరిగి చీలింది: పొట్టి కుండీ, లేదా అడుగున గట్టి పొర. ఈసారి 30 సెం.మీ. దాకా మట్టి గుల్ల చేయండి.

చలికాలంలో ఆకులు వాలిపోయాయి, మట్టి తడిగానే ఉంది: నీళ్లు నిలిచి వేరు ఊపిరాడక పోతోంది. ఇంకా నీళ్లు పోయకండి. కుండీ అయితే బెజ్జాలు మూసుకున్నాయేమో చూసి, కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తండి.

కాడకు, మొగ్గకు పేనుబంక: నీటి ధారతో కడిగేయండి, మూడు రోజులకోసారి చొప్పున రెండు వారాలు. పూత మీద పురుగుమందు కొడితే తేనెటీగలు పోతాయి, విత్తనమూ పోతుంది.

పూసింది కానీ గింజలన్నీ తాలు: మొక్కలు తక్కువ, లేదా అన్నీ ఒకే మొక్కను విడదీసి నాటినవి. వేరే చోటి విత్తనంతో పెంచిన నారు నాలుగైదు కలపండి.

మొదటి ఏడు పూయలేదు: ఆలస్యంగా విత్తారు. దుంప గట్టిగా ఉంటే వచ్చే ఏడు పూస్తుంది.

11. దుంప తవ్వడం

మొదటి ఏడాది తవ్వొద్దు. రెండో ఏడాది విత్తనం రాలాక, ఆకు పచ్చదనం పోయేటప్పుడు తవ్వండి. అప్పుడు దుంప నిండుగా, తియ్యగా ఉంటుంది. శరదృతువు వానలకు చిగురించాక తవ్వితే పాత దుంప ముడతలు పడి, కొత్తది ఇంకా సన్నగా, చేదుగా ఉంటుంది. చేదుగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది మే, జూన్‌లో తవ్వినవాళ్లే.

1) ముందురోజు మడిని కొద్దిగా తడపండి.

2) మొదలుకు 10 సెం.మీ. దూరంలో చేతి ఫోర్క్ నిలువుగా దించి, మట్టిని అడుగునుంచి లేపండి. కాడ పట్టుకుని లాగితే దుంప సగానికి తెగుతుంది.

3) గుంపు మొత్తం ఊడ్చేయకండి. మూడు మొక్కల్లో ఒకటి చొప్పున తీయండి.

4) తీసిన చోట గుల్లబారిన మట్టిని తిరిగి నింపండి. పాత మొదలుకు రెండు మూడు దుంపలుంటే పెద్దది తీసుకుని, తల చెడని చిన్నవాటిని అదే గోతిలో, తల నేల మట్టానికి వచ్చేలా పెట్టి కప్పండి. నేల ఇలా గుల్లబారితేనే పక్కన రాలిన విత్తనం కూడా తేలిగ్గా వేరు దించుతుంది.

తవ్విన దుంపను మెత్తటి బ్రష్‌తో కడగండి, తొక్క తీయాల్సిన పనిలేదు. పచ్చిగా కొరికితే కరకరలాడుతుంది, కాస్త ముల్లంగిలా, కాస్త లేత కొబ్బరిలా. మూకుడులో కొద్దిగా నూనె వేసి, సన్న సెగ మీద మూతపెట్టి మగ్గిస్తే మెత్తబడి తీపి పెరుగుతుంది. ఇందులో ఉండేది ఎక్కువగా పిండి కాదు, ఇన్యులిన్ జాతి పీచు. అలవాటులేని కడుపుకు గ్యాస్ చేస్తుంది. మొదటిసారి రెండు మూడు దుంపలతో ఆపండి. చామంతి జాతి మొక్కలు పడనివాళ్లు తినకపోవడమే మంచిది.

మిగిలిన దుంపలను తడి ఇసుకలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పది రోజులు గట్టిగా ఉంటాయి. ఆ తర్వాత వడలిపోతాయి కాబట్టి ఏ వారానికి కావాల్సినవి ఆ వారమే తవ్వుకోండి.